వానరోజు మిఠాయి

"ఆపు బావా! ఇంత వానలో ఆ మిఠాయి గట్టిపడదు," అంది నా మరదలు ఎల్డోరా, తడిసిన గొడుగు గుమ్మం దగ్గర ఆనించి.

నేను ఆపలేదు. గుడ్డు తెల్లసొన నురగలో వేడి పాకం పోస్తూ గిలకొడుతూనే ఉన్నాను. రేపటికి నా భార్య వెర్నా పోయి ఏడాది. ఆమె చేసే తెల్ల మిఠాయి చర్చిలో అందరికీ పంచాలని నా పట్టుదల. వాన ఆగేదాకా కూర్చుంటే మిసిసిపీలో ఏ పనీ కాదు. పైగా వాన పడినప్పుడల్లా ఈ వంటింట్లో నాకు ఆమె గరిటె చప్పుడు వినిపిస్తుంది.

"గాలిలో తడంతా పంచదార పీల్చేస్తుంది. అక్క చెప్పలేదా?"

"మీ అక్కకే తెలీదు. చినుకు పడితే చాలు, ఇదే పని. ప్రతిసారీ జిగురు ముద్దయ్యేది. చివరిదాకా నేర్చుకోలేదు, పాపం."

ఎల్డోరా నన్ను వింతగా చూసింది. "అక్కకి తెలీదా? మబ్బు పట్టింది, ఇవాళ మిఠాయి గట్టిపడదని నా చేతిలో గరిటె లాక్కున్న మనిషి!"

"మరి వానలోనే ఎందుకు చేసేది?"

"ఎండరోజు చేస్తే ముక్కలన్నీ చర్చి విరాళాల కోసం పెట్టే అమ్మకానికి పోయేవి. ముద్దని ఎవరు కొంటారు, మొద్దు బావా? అది మీ పిల్లలకే మిగిలేది."

నా చెయ్యి ఆగిపోయింది. గిన్నెలో మిఠాయి మెత్తగా జారుతోంది.

"రేపు చర్చికేం తీసుకెళ్తావు మరి?"

"పువ్వులు. దీనికి పిల్లల్ని రమ్మంటాను."

అప్పుడు ఎవరో నా భుజం మీదుగా గిన్నెలోకి తొంగిచూసినట్టు మెడకు చల్లగా తగిలింది. నేను వెనక్కి తిరగలేదు. కాస్త పక్కకు జరిగి చోటిచ్చాను.