ఆదివారం మోగని బెల్లు

“మరి ఆదివారం ఎందుకు మోగదండీ?” అని మీటర్ల ఇన్‌స్పెక్టరు మూడోసారి అడిగాడు.

పైవాటా టీచరమ్మ హాల్లో పదిమంది దాకా కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషామె. రెండు నెలలుగా ఆమె గుమ్మం బెల్లు ఎవరూ నొక్కకుండానే మోగుతోంది. మోకాళ్ళ నొప్పులతో లేచి వెళ్ళి తలుపు తీస్తే అక్కడ ఎవరూ ఉండరు. ఇదంతా కిందివాటా ఇన్‌స్పెక్టరు రేడియో వల్లేనని ఆమె ఫిర్యాదు. ఆయనకి హామ్ రేడియో పిచ్చి. ఇంట్లో కూర్చుని దేశదేశాల వాళ్ళతో గాలిలో మాట్లాడతాడు. ఆ హలో హలోలు గోడలు దాటి వినపడతాయి కాబట్టి బిల్డింగంతా ఆయన్ని హలోగారనే అంటుంది.

మేడ మీద ఆయన కట్టుకున్న యాంటెన్నా సాయంత్రంలోగా తీసెయ్యాలని రాసిన కాగితం బిల్డింగు అసోసియేషన్ ప్రెసిడెంటు చేతిలో ఉంది. ప్రెసిడెంటు పళ్ళ డాక్టరు. సంతకం ఒక్కటే తక్కువ. పన్నెండేళ్ళ కష్టం ఒక్క సంతకంతో పోతుందంటే ఇన్‌స్పెక్టరుకి ఒళ్ళు మండిపోతోంది. ఈ మీటింగు కోసం ఆఫీసుకి సెలవు పెట్టాల్సి రావడం ఇంకో మంట.

టీచరమ్మ నోటుపుస్తకం తెరిచింది. తేదీలూ వేళలూ స్కేలుతో గీతలు కొట్టి మరీ రాసుకుంది. అన్నీ సోమవారం నుంచి శనివారం లోపే, పదకొండుకీ పదకొండున్నరకీ మధ్యే.

“ఒకటే మోత కాదండీ. కాసేపు మోగి ఆగుతుంది. మళ్ళీ మోగుతుంది. ఎవరో మాట్లాడి, అవతలివాళ్ళు చెప్పేది వింటున్నట్టు” అంది.

“ఆ టైముకి నేను ఊళ్ళోవాళ్ళ కరెంటు మీటర్లు చూస్తూ ఉంటాను. ఇంట్లో ఉండేది ఆదివారమే. ఆ రోజు పొద్దున్నించీ రేడియో ముందే. తప్పు నాదైతే ఆదివారమే కదా మోగాలి?”

జనం తలలూపారు. దాంతో ఆయనకి ఊపొచ్చింది. పోయిన ఆదివారం టీచరమ్మని బెల్లు పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, కింద రేడియో బలం పెంచే పెద్ద యాంప్లిఫయరు పూర్తిగా పెట్టి పది నిమిషాలు మాట్లాడానని, బెల్లు కిక్కురుమనలేదని గుర్తుచేశాడు. ఆమె నిజమేనంది.

మీ దగ్గర అలాంటివి రెండున్నాయటగా అని డాక్టరు అడిగాడు. ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు ఇన్‌స్పెక్టరు మొదలుపెట్టాడు. దూరదేశాలకి వెళ్ళే తరంగాల బ్యాండ్లకి పెద్ద యాంప్లిఫయరు, దగ్గర ఊళ్ళ బ్యాండుకి చిన్నది. ఇదివరకు బ్యాండు మారినప్పుడల్లా తీగలు చేత్తో మార్చేవాడు. ఒకసారి మర్చిపోయి దానికి ఇది తగిలిస్తే గదంతా పొగ. అందుకే ఆర్నెల్ల క్రితం సొంతంగా ఒక పెట్టె తయారుచేశాడు. రేడియోలో బ్యాండు తిప్పితే చాలు, ఏ యాంప్లిఫయరు కావాలో ఆ పెట్టే చూసుకుని కలుపుతుంది. కళ్ళు మూసుకుని వాడినా తప్పు జరగదు.

“అయినా చిన్నదాన్ని నేను ముట్టుకుంటేగా? పక్క ఊళ్ళవాళ్ళతో ఊసుపోక కబుర్లు ఎవడిక్కావాలి? ఆర్నెల్లుగా అది నా కళ్ళజోడు పెట్టుకునే బల్ల” అన్నాడు.

ఇంట్లో ఇంకెవరూ వాడరా అంటే ఆయన నవ్వేశాడు. తనూ భార్యా కలిసే రేడియో లైసెన్సు పరీక్ష రాశారట. ఆవిడ మొదటిసారే పాసైంది, ఈయన మూడోసారికి. కానీ ఏ తీగ ఎక్కడ పెడితే ఏం కాలుతుందోనని భయపడి ఆవిడ మైకు జోలికే రాలేదు. లైసెన్సు బీరువాలో చీరల కింద ఉంది. పొద్దున సాక్ష్యానికి రమ్మన్నా రాలేదు. “బెల్లు మన రేడియో వల్ల కాదని తేలిపోయినట్టేగా?” అని అడిగింది. నూటికి నూరుపాళ్ళు అన్నాడు ఈయన. అయితే మీరు వెళ్ళిరండి, నాకు పనుంది అంది.

అప్పుడే బెల్లు మోగింది.

గడియారంలో పదకొండూ పది. డాక్టరు లేచి తలుపు తీశాడు. ఎవరూ లేరు. తలుపు తీసే ఉండగా, అందరి కళ్ళ ముందే, మళ్ళీ మోగింది.

ఇన్‌స్పెక్టరు రెండు చేతులూ పైకెత్తాడు. “చేతులు ఇక్కడున్నాయి. నోరు ఇక్కడుంది. ఇప్పుడు చెప్పండి, నా రేడియోలో ఎవరు మాట్లాడుతున్నారు?”

అందరూ నవ్వారు. టీచరమ్మ తల వంచుకుంది. డాక్టరు కాగితం చింపేశాడు. అక్కడితో వదిలేసినా బావుండేది. ఇన్‌స్పెక్టరు వదల్లేదు.

“రెండు నెలలు నన్ను దొంగని చూసినట్టు చూశారు. నోటిమాటలు చాలవు, ‘తప్పు నాదే’ అని మీ చేత్తో కాగితం మీద రాసివ్వండి.”

వయసులో పెద్దావిడ, పోనివ్వండని ఎవరో గొణిగారు. ఆయన కదల్లేదు. టీచరమ్మ అదే నోటుపుస్తకంలోంచి ఓ పేజీ చింపి, గుండ్రటి అక్షరాలతో క్షమాపణ రాసింది. రాస్తున్నంతసేపూ బెల్లు మోగుతూ, ఆగుతూ ఉంది. కింద సంతకం పెట్టి ఇచ్చింది. ఆయన ఆ కాగితం చదువుకుని, మడత పెట్టి, జేబులో పెట్టుకున్నాడు.

పన్నెండవుతుండగా కిందికి దిగాడు. వంటింట్లో భార్య కూనిరాగం తీస్తోంది.

“గెలిచారా?”

“గెలవకేం? రాయించుకుని మరీ వచ్చాను.”

“పాపం, పెద్దావిడ కదండీ” అందావిడ.

“పాపమేంటి? నింద వేసేముందు ఆలోచించుకోవాలి” అంటూ రేడియో గదిలోకి వెళ్ళాడు. రోజూ కంటబడేలా ఆ కాగితాన్ని ఎక్కడ పెట్టాలా అని చూశాడు. కళ్ళజోడు తీసి ఎప్పటి చోటే పెట్టి, పక్కన కాగితం పరిచి, మడతలు పోయేలా అరచేత్తో సాపు చేశాడు. చెయ్యి ఆగిపోయింది.

చిన్న యాంప్లిఫయరు వేడిగా ఉంది.