గండికి తగు చర్య

అడవంతటికీ రాజు సింహంగారు, అందులో కొండకు ఏలిక ఏనుగుగారు, కొండ కింది కుంటకు పెద్ద ఎండ్రకాయ. పెద్దంటే ఏముంది, పైవాళ్లు చెప్పింది వినే పెద్ద.

ఒక పొద్దున కప్పమ్మ రొప్పుతూ వచ్చింది. "పెద్దయ్యా, గట్టుకు గండి పడింది!"

దోసెడు బురద పెడితే సరిపోయే గండి. ఎండ్రకాయ బయల్దేరింది కూడా. అంతలో కొంగ సింహంగారి తాఖీదు తెచ్చింది: "గండ్లను రాతితోనే పూడ్చవలెను. తగు చర్య నిమిత్తం." వెనకే కాకి ఏనుగుగారి సవరణ తెచ్చింది: "మన కొండ కింద మట్టితోనే పూడ్చవలెను. తగు చర్య నిమిత్తం."

"ఇంతకీ రాయా, మట్టా?" అంది ఎండ్రకాయ.

"మేం మోసేవాళ్లమే, చదివేవాళ్లం కాం," అన్నాయి రెండూ.

"ఏదో ఒకటి పెట్టయ్యా! నా పిల్లలకింకా కాళ్లు కూడా రాలేదు. నీళ్లు పోతే ఎక్కడికి గెంతుతారు?" అని కప్పమ్మ మొత్తుకుంది.

ఎండ్రకాయకు వాళ్ల ప్రాణాలకంటే తన పెత్తనం ముద్దు. రాయి పెడితే ఏనుగుగారికి కోపం, మట్టి పెడితే సింహంగారికి కోపం. బాగా ఆలోచించి మూడో తాఖీదు తనే రాసి గట్టు మీద పాతింది: "గండికి: తగు చర్య నిమిత్తం."

గండి తగు చర్యే తీసుకుంది. మూడోనాటికి కుంటలో బురదే మిగిలింది.

నాలుగోనాడు కొంగ సింహంగారి ప్రశంసాపత్రం తెచ్చి పడేసి, నేరుగా ఆ బురదలోకి దిగి కడుపు నింపుకోసాగింది. ఎండ్రకాయ గట్టెక్కి గొంతెత్తి చదివింది: "మీ కుంట నుంచి చుక్క నీరైనా కారడం లేదని తెలిసి సంతోషించాము."

వినడానికి కప్పమ్మ ఒక్కతే ఉంది.

"చప్పట్లు ఎవరు కొట్టాలి, పెద్దయ్యా?" అంది.