జానెడు తీగ

బాల్కనీ తలుపు తీసేసరికి పైనుంచి ఒక తల వంగి చూస్తోంది.

ప్రవీణ కెవ్వుమంది.

ఆ తల వెంటనే వెనక్కి పోలేదు. ఆమెకు ఒళ్లు మండింది అందుకే.

"ఎవరు నువ్వు? ఏం చూస్తున్నావ్?"

"నేను మేడం, సాయిలు. టెర్రస్ మీది రూంల ఉంట. చెట్లకు నీళ్లు..."

అతని చేతిలోంచి సన్నటి పైపు వేలాడుతోంది. దాని కొసనుంచి నీళ్లు రెయిలింగుకు తగిలించిన కుండీలో పడుతున్నాయి.

"నా చెట్లకు నువ్వు పోసేదేంటి? రోజూ నేను పోస్తున్నానుగా!"

పోస్తుంది, అబద్ధం కాదు. పొద్దున్నే రాయదుర్గంలోని ఆఫీసుకు బయల్దేరుతూ ఆరు కుండీలకూ కలిపి ఒక మగ్గు నీళ్లు చిలకరించి పోతుంది. ఆరోజు తలనొప్పని నాలుగింటికే ఇల్లు చేరింది కాబట్టి ఈ తల కంటపడింది.

మదీనాగూడలో ఆ ఐదంతస్తుల అపార్టుమెంటు మొత్తానికీ ప్రవీణ తీగలంటే పేరు. చిలగడదుంప జాతే, కాకపోతే దుంప కోసం కాదు, ఆకు అందం కోసం పెంచే రకం. మూడు కుండీల్లో చిలకపచ్చ, మూడింట్లో వంకాయరంగు. ఐదో అంతస్తు నుంచి నాలుగో అంతస్తు దాకా జారి, రోడ్డున పోయేవాళ్ల చేత తల ఎత్తించేవి.

ప్రతి ఆదివారం వాటి పక్కన ఫొటో దిగి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టేది. 'రోజుకో మగ్గు నీళ్లు, కాస్త ప్రేమ. అంతే!' అని రాసేది. నలభై మంది చప్పట్లు కొట్టేవాళ్లు.

మొదట ఆ కొమ్మలు ఎక్కణ్నుంచో తెచ్చి గుచ్చింది పాత పనిమనిషి ఎల్లమ్మ. అది గ్రూపులో రాసుకోదగ్గ విషయం కాదు. పైగా ఆ మనిషి రెండేళ్ల కిందట చెప్పాపెట్టకుండా మానేసింది. మర్నాడే ప్రవీణ ఇంకొకర్ని పెట్టుకుంది.

ఇప్పుడు ఫోనెత్తి సాయిలు ఫొటో తీసింది. అందులో పైపు కూడా పడింది.

పైపు కనబడకుండా కత్తిరించి గ్రూపులో పెట్టింది.

'రోజూ నా బాల్కనీలోకి తొంగి చూస్తున్నాడు. ఇక్కడ ఆడవాళ్లకు భద్రత ఉందా?'

'రోజూ' అన్న మాట ఆమె సొంతంగా కలిపింది. అందులో నిజం అదొక్కటేనని ఆమెకు తెలియదు.

పది నిమిషాల్లో సెక్రటరీ రామబ్రహ్మం ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఒంటిగాడికి గది ఇవ్వొద్దని ముందే మొత్తుకున్నానండీ," అన్నాడు. గది ఇచ్చింది ఆయనే. "మీరేం కంగారుపడకండి ప్రవీణగారూ. చీకటి పడేలోగా ఖాళీ చేయిస్తాను."

చేయించాడు కూడా.

సాయిలు ఒక సంచీ, చాప చుట్టతో ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. ఒంటి మీద సెక్యూరిటీ యూనిఫాం, రాత్రి డ్యూటీకి తయారై ఉన్నాడు. చెప్పులు నాలుగు మెట్ల అవతలే విడిచాడు.

"పోతున్న మేడం. జానెడు తీగ ఇయ్యుండ్రి. డబ్బాల పెట్టుకుంట."

"దేనికి?"

"గా తీగ మా..."

"ఇంకా నోరు లేస్తోందా? ఆకు కూడా ఇవ్వను. దిగు ముందు!"

సాయిలు ఆమె భుజం మీదుగా బాల్కనీ వైపు ఒక్కసారి చూసి, చెప్పులు వేసుకుని దిగిపోయాడు.

"ఇంత జరిగినా ఆ చూపు పోలేదు చూడండి," అంది ప్రవీణ.

సాయిలు వెంటే వచ్చి నిలబడ్డ రామబ్రహ్మం తలూపాడు.

మే నెల ఎండలు. మూడోరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరు కుండీల తీగలూ తలలు వేలాడేసి ఉన్నాయి. ఐదోరోజుకు అంచులు మాడాయి. ప్రవీణకు భయం పట్టుకుని పొద్దున ఒక బకెట్టు, రాత్రి ఒక బకెట్టు కుమ్మరించింది. మిగిలిన ఆకులు పసుపుపచ్చబడి రాలాయి. పదోరోజు ఒక తీగ పట్టి లాగితే అడుగునున్న దుంప గుజ్జుగుజ్జుగా చేతికొచ్చింది. కుళ్లు వాసన ఇంట్లోకంతా కొట్టింది.

ఆమె వాచ్‌మన్ ఐలయ్యను పైకి పిలిచింది.

"ఆ సాయిలుగాడు కక్షతో మందేదో పోసి పోయాడు. ఎక్కడున్నాడో కనుక్కో. పోలీసులకు చెప్తాను."

ఐలయ్య ఒక్కో కుండీలో చెయ్యి పెట్టి కెలికాడు.

"ఒక్క కొమ్మన్న పచ్చిగ మిగిలిందా మేడం? సాయిలుకు ఇస్త."

"అన్నీ కుళ్లాయి. నేను మందు సంగతి అడుగుతుంటే..."

"మందు గాదు మేడం, నీళ్లే. రోజు నాలుగింటికి నిద్ర లేచి చూసేటోడు. కుండీల మీద నీడ పడ్డంక గూడ ఆకు వాలే ఉంటె పోసేటోడు. లేకుంటె ఊకె చూసి పోయేటోడు. రెండేండ్ల సంది గదే పని."

"రెండేళ్లా? ముక్కూ మొహం తెలియనివాడికి నా చెట్లతో ఏం పని?"

ఐలయ్య చేతులు దులుపుకున్నాడు.

"గా దినమే చెప్దామని పైకొచ్చిన మేడం. మీరు ఫోన్ల మీటింగుల ఉండి, పొమ్మని చెయ్యి ఊపిండ్రు."

"ఏ రోజు? ఏం చెప్దామని?"

"ఎల్లమ్మ పని మానెయ్యలే మేడం. పొద్దుగాల మీ ఇంటికే వస్తుంటె రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్ గుద్ది పాణం పోయింది. ఆమె చేత్తోని పెట్టినయి ఇయే మిగిలినయని, ఈడ కిరాయికి దిగిండు ఆమె పెనిమిటి సాయిలు."