బువ్వ తీసిపెట్టు

“సంధ్యను బడికి వద్దనే వీల్లేదమ్మా, చదువు తన హక్కని చట్టమే ఉంది. కానీ తను పదేపదే అనే ఆ మాటకు తోటి పిల్లలు జడుసుకుంటున్నారు,” అంది సూర్యప్రభ. ఎల్బీనగర్ బడిలో ప్రత్యేక అవసరాల పిల్లలకు ఆమె టీచరు. “తన కోసం విడిగా ప్లాన్ రాశాను. ముందు ఆ మాట మాన్పించాలి. మీరు సరేనంటే మొదలుపెడతాను.”

కిటికీ దగ్గర ఊగుతూ కూర్చున్న ముత్తమ్మ కూతురు సంధ్య మళ్లీ అంది, అచ్చం ఎవరో కుర్రాడు మాట్లాడినట్టే: “అమ్మా, బువ్వ తీసిపెట్టు. ర్యాలీకి పోయి జల్ది ఒస్తా.”

“విన్నారా? రోజంతా ఇదే. ఎక్కడ పట్టిందో ఏమో.”

“ఇంట్లనే మేడమ్. దిల్‌సుఖ్‌నగర్ల తెలంగాణ ర్యాలీకి పోయెటప్పుడు మా పెద్దోడు మహేందర్ అన్నడు. మల్ల రాలే. తొక్కిసలాటల పోయిండు.”

సూర్యప్రభ సంధ్య వైపు తిరిగింది.

“పెద్దోడి ఫొటోలు ఇంట్ల ఉన్నయ్ మేడమ్. గొంతు మాత్రం గీ పిల్ల దగ్గర్నే ఉన్నది. మాన్పియ్యకుండ్రి.”

సంధ్య మళ్లీ అంది.

“తీసిపెట్టిన బిడ్డా, రా,” అంది ముత్తమ్మ. ఆమె చూస్తున్నది కూతురి వైపు కాదు, తలుపు వైపు.

తనకు తెలియకుండానే సూర్యప్రభ కూడా అటే చూసింది.