కిటికీ అవతలి గంగుబాయి

"సారూ, గంగుబాయి మిమ్ముల ఎక్కిరిస్తుంది!"

వెనక వరుసలో ఎవరో పిల్ల అరిచింది.

బోర్డు మీద ఏడో ఎక్కం రాస్తూ పైకి చదువుతున్న కైలాసం సారు గిర్రున తిరిగాడు.

నిజమే. బోర్డు పక్క కిటికీ అవతల నిలబడి గంగుబాయి నోరు ఇంత పెద్దగా తెరుస్తోంది, మూస్తోంది. చప్పుడు మాత్రం లేదు. సారు ఏ మాట అంటే ఆ మాటే ఆమె పెదవుల మీద.

తరగతి గొల్లుమంది.

భైంసా పత్తి మిల్లుల వెనక చిన్న బడి అది. బళ్లలో ఉర్దూ చదువు పోయి తెలుగు వచ్చిన కొత్త. సారు జగిత్యాల నుంచి బదిలీ మీద వచ్చి ఇంకా ఏడాది కాలేదు.

గంగుబాయిది ఏ ఊరో, ఆమెకు ఎవరున్నారో ఎవరికీ తెలియదు. ఒకప్పుడు మిల్లులో పని చేసిందట. ఇప్పుడు రేగుపండ్ల గంప పెట్టుకొని బడి గోడ వారన ఉండేది. పండ్లు తియ్యగున్నాయా అని అడిగినా సరే, పొలిమేర దాకా వినపడేటట్టు అరిచి చెప్పేది పాపం.

సారు చాక్‌పీసు విసిరేసి బయటికి వెళ్లాడు.

ఆమె ఇంకా కిటికీలోకే చూస్తోంది.

"ఏయ్!"

తిరగలేదు.

"నిన్నే! పిలుస్తుంటె లెక్క లేదా?"

అయినా తిరగలేదు.

అంత పొగరా అని సారుకు ఒళ్లు మండింది. కాలితో గంపను తన్నాడు. పండ్లు కాళ్ల కిందికి దొర్లి వచ్చాకే గంగుబాయి ఉలిక్కిపడి తిరిగింది.

"నన్నే ఎక్కిరిస్తవా? గిది బడి. తమాషా చేసెతందుకు నీ మిల్లు కాదు. మల్ల గీడ కనబడితే కాళ్లిరగ్గొడ్త!"

ఆమె సారు మూతి వంకే రెప్ప వేయకుండా చూసింది. తర్వాత కిటికీలోంచి ముందు వరుసలో కూర్చున్న శంకరవ్వ అనే పిల్లను ఒక్కసారి చూసింది. ఏదో చెప్పబోయి మింగేసింది.

"తప్పయింది సారూ! ఇగ రాను!" అని గట్టిగా అరిచింది.

"గా అరుసుడేంది మల్ల?"

ఆమె వంగి పండ్లు ఏరుకుంది. అన్నీ దొరకలేదు. కొన్ని పిల్లలు అప్పటికే నోట్లో వేసుకున్నారు.

అది మొదలు ఆమె బడి వైపు రాలేదు.

పది రోజులకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

సారుకు భయం లేదు. శంకరవ్వ ఉంది కదా. తరగతిలో ఏది అడిగినా ముందు చెప్పేది ఆ పిల్లే. నా పాఠం మహిమ అని సారు మురిసిపోయేవాడు. ఈ పది రోజులుగా పిల్ల ఎందుకో మెత్తబడ్డట్టుంది గానీ, జ్వరమో ఏమో అనుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకొని ప్రశ్న అడిగాడు.

శంకరవ్వ పుస్తకం అట్టను చూసింది. తర్వాత కిటికీని చూసింది. అక్కడ ఎవరూ లేరు.

మళ్లీ అడిగాడు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమయ్యా, ఈ మొద్దునా ముందు కూర్చోబెట్టావు? పేరు కొట్టేయ్."

"ఒక్క వారం చూడుండ్రి సార్."

"వారమే. మళ్లీ వస్తాను."

ఆయన అటు వెళ్లగానే శంకరవ్వ వెనక ఎవరి పలకో నేల బండల మీద పడి భళ్లున పగిలింది. పిల్లలంతా ఎగిరిపడ్డారు.

శంకరవ్వ ఒక్కతే కదలలేదు.

సారు ఆమె వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టాడు. పేరు పెట్టి పిలిచాడు. పిల్ల కిటికీ వైపే చూస్తోంది.

సాయంత్రం ఆమెను చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకుపోయాడు. తల్లి యాదవ్వ మిల్లు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తల నిండా దూది.

"పిల్లకు చెవులు ఇనరావని ఎందుకు చెప్పలేదమ్మా?"

యాదవ్వ మొహం పాలిపోయింది.

"చెప్తె బడిల ఉంచుకుందురా సారూ? మూడేండ్ల కింద జొరమొచ్చి పోయినయ్. మీ కాల్మొక్త, పేరు కొట్టెయ్యకుండ్రి."

"కొట్టెయ్య. మరి గిన్నొద్దులు పాఠం ఎట్ల నేర్చుకున్నది? నేను బోర్డు దిక్కు తిరిగే చెప్తుంటి గద!"

"గంగుబాయి చెప్పింది సారూ. మిల్లుల పత్తి గింజలు తీసే జిన్ను మిషన్ల మోతల మా మాట మాకే ఇనరాదు. మూతులతోనే మాట్లాడుకుంటం. గామె మీ మాటలన్నీ కిటికీల నుంచి మూతితోని చెప్పేది, ఇది చూసి నేర్చేది. ఎవ్వరికి చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్న."



"గామెను రేపు తోల్కరా. గోడ అవతల కాదు, బోర్డు పక్కనే పీట ఏపిస్త. తప్పు నాదని పిల్లలందరి ముంగట చెప్త."

యాదవ్వ కొంగుతో తల మీది దూది దులుపుకుంది.

"గామెకు నా మీద కోపముంటదా?"

"కోపం కాదు సారూ. బడి కాడికి రావద్దంటిరి గద, గంప పట్టుకొని మిల్లు తొవ్వల కూసుంటుండె. మొన్న సోమారం పత్తి లారీ కింద పడ్డది. అక్కడికక్కడే పానం పోయింది."

"డ్రైవరు హారన్ కొట్టలేదా?"

"కొట్టిండు. ఊరందరికి ఇనబడ్డది."

"మరి పక్కకు జరగలేదా?"

యాదవ్వ కూతురి తల దగ్గరికి తీసుకుంది.

"ఎట్ల జరుగుతది సారూ? జిన్నుల కాడ పనిచేసి పనిచేసి గంగుబాయి చెవులు పోయి పదేండ్లాయె. మీ మాట ఒక్కటి గూడ గామె ఇనలే, మీ మూతి జూసే మా పిల్లకు చెప్పింది."