పిలిస్తే పలికే పేరు

మనసులో మాట పైకి చెప్పే మెడపట్టీలు వచ్చాక, కాకినాడలో ప్రతి వీధికుక్కా కబుర్లు చెప్పే కాలమది. లాస్యమ్మ వీధికుక్కల ఆశ్రమం నుంచి ఒక కుక్కను తెచ్చుకుంది. "ఇంట్లో ఉండటానికి సిద్ధమేనండి, కాస్త బెదురు, అంతే" అన్నారు అక్కడివాళ్లు.

"మల్లీ, రామ్మా, పెరుగన్నం" అని తను పెట్టిన పేరుతో ఎంత బతిమాలినా అది మంచం కిందనుంచి కదల్లేదు. పట్టీ కూడా నోరు విప్పలేదు.

"పోనీ, నీ పేరేంటే తల్లీ?" అంది చివరికి.

"ఛీపో" అంది పట్టీ సన్నగా. "అందరూ అలాగే పిలిచేవారు."

లాస్యమ్మ చేతిలోని గిన్నె నేల మీద పెట్టింది. తను మాత్రం ఎన్ని కుక్కల్ని పిలవలేదు, ఆ పేరుతో?

పక్కింటివాళ్లకు వినబడకుండా తలుపేసి, గిన్నె ముందుకు జరిపి, మెల్లగా "ఛీపో" అంది.

కుక్క తోకాడిస్తూ పరుగెత్తుకొచ్చింది.