పదివేల అడుగులు

రోజుకు పదివేల అడుగులు. ముప్పై రోజులు. ఒక్కరోజు తప్పినా లాల్‌సింగ్ నౌకరీ నీళ్లపాలే.

లాల్‌సింగ్‌ది టేకులపల్లి అవతలి తండా. ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు పీఈటీ. ఈ వేసవి సెలవుల్లో వ్యాయామ ఉపాధ్యాయులకు ఆన్‌లైన్ శిక్షణ పెట్టారు. ఫోన్లో పాఠాలు వినాలి, పరీక్ష రాయాలి. ముంజేతికి కట్టే నల్ల పట్టీ అడుగులు లెక్కపెట్టి ఫోన్‌కు చేరవేస్తుంది. అన్నీ పాసైతేనే జూన్‌లో కాంట్రాక్టు పొడిగిస్తారు.

పాఠాలు మాత్రం అతనికి బాగా నచ్చాయి. పన్నెండేళ్లుగా ఈల ఊది పిల్లల్ని ఉరికించడమే తెలుసు. మోకాలు దెబ్బతినకుండా ఎట్లా దూకించాలో ఇప్పుడే తెలిసింది. పరీక్షలో నూటికి తొంభై ఆరు వచ్చాయి. ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చాడు.

పొద్దు గూకే వేళకు భార్య జమ్లి అడవి నుంచి వచ్చి కూలబడింది. తునికాకు కొనే కల్లం మూసేసి వారమైనా ఆమె అడవికి పోవడం మానలేదు. ఇవాళ పుల్లకట్టె కూడా తేలేదు. అరికాళ్లు పగిలి నెత్తురు కారుతోంది.

"ఇగ చాలు జమ్లీ. పోతే పోనీ నౌకరీ" అన్నాడు.

"పోతే తినేదేంది? ఇయ్యాల్టితోని ఆఖరు గదా. లెక్క సూడు."

చూశాడు. పద్నాలుగు వేల రెండొందలు. ముప్పయ్యో రోజూ గట్టెక్కింది.

అంతలో ఫోన్ మోగింది. శిక్షణ నడిపే శ్రావణి మేడం.

"కంగ్రాట్స్ లాల్‌సింగ్ సార్! అడుగుల్ల జిల్లాకే మీరు ఫస్ట్. సోమవారం కొత్తగూడెం గ్రౌండ్‌కు రాండ్రి. పీఈటీలందరి ముంగట మీరే ఉరికి చూపియ్యాలె. కాంట్రాక్టు ఆర్డర్ ఆడనే చేతికిస్తరు."

"నేను రాకుంటే నడవదా మేడం?"

"ఫస్ట్ వచ్చినోళ్లే రాకుంటే ఎట్ల సార్!" నవ్వి పెట్టేసింది.

ఎందుకైనా మంచిదని రోజూ నాలుగు వేలు ఎక్కువే పడ్డాయి. అదే కొంప ముంచింది.

లాల్‌సింగ్ పైకి చూశాడు. నెల రోజులుగా చూస్తున్న పెంకులే.

జమ్లి తన ముంజేతి నుంచి నల్ల పట్టీ విప్పి గూట్లో పెట్టి, బడి ఆఖరి రోజున బండి మీద నుంచి పడి నడుము కింద చచ్చుబడిపోయిన మొగుణ్ని మంచం మీద మెల్లగా పక్కకు తిప్పింది.